ఉప్పు సంచి కుట్టు

మా అన్న ఇల్లు విడిచి పదకొండేళ్ళు దాటిన వేసవిలో నేను హిమాలయాలకు వెళ్ళాను. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. కైలాస యాత్రకని బడిలో చెప్పి సెలవు తీసుకున్నాను. అందులో సగమే నిజం. ఇంకో ఏడాదిలోగా అన్న జాడ తెలియకపోతే ఆయన్ని పోయినవాడిగా భావించి కర్మ చేయాలి. జాడ తెలియని మనిషి కోసం పన్నెండేళ్ళు చూసి, దర్భలతో ఆకారం కట్టి, దహనం చేసి, పిండం పెట్టడం మావాళ్ళ ఆచారం. ఆ రోజుతో వదిన బొట్టు తీసేయాలి.

నాయన కర్మ చేయాలనేవాడు. కొడుకు మీద ప్రేమ లేక కాదు. ఎక్కడో చనిపోయి ఆకలితో తిరుగుతున్నాడేమోనని ఆయన భయం. వదినకు మాత్రం అన్న బతికే ఉన్నాడని నమ్మకం. ఆ మనిషికి ముద్ద పెట్టాలని ఒకరు, పెట్టకూడదని ఒకరు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఒక్క మాట పెంచుకోకుండా బతికారు.

చంద్రగిరిలో మాకు చిన్న మండీ ఉండేది. వేరుశనగ, బెల్లం. అన్న మూటలు కుట్టేవాడు. దబ్బనంలో పురికొస ఎక్కించి గోనె మూతి కుట్టి, రెండు మూలల్లో ఎత్తడానికి వీలుగా చెవులు వదిలేవాడు. అందరూ అలాగే కుడతారు. అన్నది పుర్రచేతి వాటం కాబట్టి ఆయన కుట్టు మాత్రం అందరి కుట్టుకు ఎదురుగా వాలేది. పాకాలలో బండి దించే హమాలీలు కూడా చూడగానే "ఇది పుర్రచేతాయన మూట" అనేవాళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం దబ్బనం గోడకు గుచ్చి, చొక్కా వేసుకొని రైలుస్టేషను వైపు వెళ్ళాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కొన్ని నెలలకు హరిద్వారం నుంచి ఒక కార్డు వచ్చింది. బాగున్నాను, వెతకవద్దు అని. అంతే.

తర్వాత చాలా ఏళ్ళకు తిరుపతి సత్రంలో ఒక బైరాగి నాకు తారసపడ్డాడు. కైలాసం చుట్టి వచ్చినవాడు. కనుమ దాటాక గొర్రెలు కాసేవాళ్ళ దగ్గర దక్షిణాది మనిషిలా నల్లగా ఉన్న ఒకడు ఉప్పు సంచులు కుడుతుండగా చూశానని మాటల్లో అన్నాడు. ఎప్పుడు అని అడిగాను. సన్యాసికి ఏడాదుల లెక్క ఎందుకు అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకొని బయలుదేరాను.

వదిన రాగిపిండి, చింతకాయ తొక్కు మూట కట్టి ఇచ్చింది. "కనపడితే ఏమీ అడగొద్దు అబ్బయా. ఇంటికి రమ్మని కూడా అనొద్దు. ఉండాడా లేదా సూసి రా, సాలు" అంది.

నాయన వీధి అరుగు మీద నుంచే అన్నాడు: "ఉంటే చెవి పట్టుకొని ఈడ్చుకొని రా. ఆ పొద్దు నలభై మూటలు కుట్టకుండా పొయినాడు, వచ్చి కుట్టమను."

అల్మోరా దాకా రైలు, బస్సు. ఆ తర్వాత తోటి యాత్రికులతో నడక. కాళీ నది పక్కన పదిహేను రోజులు నడిచాం. లోయలో ఎండ మా ఊరి ఎండలాగే ఉండేది. పైకి వెళ్ళేకొద్దీ చెట్లు పొట్టివై, చివరికి లేకుండా పోయాయి. గర్బ్యాంగ్ అనే ఊరి దగ్గర మాకు దారి చూపడానికి సరిహద్దు కొండల భోటియా జాతి వ్యాపారి ఒకడు కుదిరాడు. నలభై ఏళ్ళవాడు. హిందీ, టిబెట్టు మాట రెండూ వచ్చు. నాకు వచ్చిన కొద్ది హిందీని విని నవ్వేవాడు. తోటి యాత్రికులు కైలాసం గురించి అడిగేవాళ్ళు. నేను గొర్రెలవాళ్ళ గురించి అడిగేవాణ్ణి.

"మాస్టరుగారూ, మీరు దేవుడి కోసం వచ్చారా, గొర్రె కోసం వచ్చారా?" అన్నాడు ఒకరోజు.

చెప్పాను. ఆ తర్వాత అతను ఆ విషయం మీద వేళాకోళం చేయలేదు.

లిపులేఖ్ కనుమను తెల్లవారుజామున, మంచు గట్టిగా ఉండగానే దాటాం. పది అడుగులు వేసి నిలబడటం, మళ్ళీ పది అడుగులు. తల పగిలిపోతున్నట్టు నొప్పి. అవతల టిబెట్టులోకి దిగాక చెట్టన్నది లేదు. పసుపుపచ్చ నేల, గాలి, చాలా దూరంగా కొండలు. ఎదురుగా కనబడే గుడారం దగ్గరికి చేరడానికి సగం రోజు పట్టేది. ఆ ఎత్తులో సంగటి ఉడకలేదు. నీళ్ళు మరుగుతాయి కానీ పిండి పిండిగానే ఉంటుంది. వదిన ఇచ్చిన తొక్కు నాలుకకు రాసుకొని, గొర్రెలవాళ్ళు పోసిన ఉప్పు టీ తాగి నడిచాను.

తక్లాకోట్ సంత దాటి నాలుగు రోజులు గొర్రెలవాళ్ళ మధ్యనే నడిచాం. జడలబర్రె వెంట్రుకలతో నేసిన నల్ల గుడారాలు. మనిషిని దగ్గరికి రానివ్వని కుక్కలు. ఆడవాళ్ళు ఎండిన పేడ ఏరి వీపు మీది బుట్టలో వేసుకుంటూ నడిచేవాళ్ళు. పొయ్యికి అదే కట్టె. ఉదయం గొర్రెలను రెండు వరుసల్లో ఎదురెదురుగా, మెడలు కలిపి తాడుతో కట్టి పాలు పితికేవాళ్ళు. కొన్నిటి వీపు మీద జంట సంచులు. ఉప్పు మడుగుల నుంచి తెచ్చిన ఉప్పును గింజలకు మార్చుకోవడానికి తక్లాకోట్ తీసుకువెళ్తారు. ప్రతి మందలోనూ నేను ముందు సంచుల మూతులు చూశాను. అన్నీ తాడుతో బిగించినవే.

కైలాసం కనబడింది. దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను దండం పెట్టుకున్నాను.

మానససరోవరం దగ్గర మూడో గుడారంలో ఆ కుట్టు చూశాను. దించి పెట్టిన సంచుల్లో ఏడెనిమిదింటి మూతులు ఉన్ని దారంతో కుట్టి ఉన్నాయి. మూలల్లో చెవులు ఉన్నాయి. కుట్టు ఎదురుగా వాలి ఉంది. నేను నేల మీద కూర్చొని సంచులు ఒక్కొక్కటిగా తిప్పి చూశాను. కళ్ళు తిరిగాయేమోనని దారి చూపేవాడు నీళ్ళు తెచ్చాడు.

గుడారంలో ఉన్నది ఒక మొగుడూ పెళ్ళాం, ఐదారేళ్ళ కూతురు. ఇది ఎవరు నేర్పారని అడిగించాను. దక్షిణం నుంచి ఒక మనిషి వచ్చాడని, తమ దగ్గర మూడు శీతకాలాలు ఉన్నాడని మొగుడు చెప్పాడు. పేరు తెలియదు. సూదివాడు అని పిలిచేవాళ్ళట. ఎప్పుడు వెళ్ళాడు అంటే ఇద్దరికీ గొడవ మొదలైంది. దారి చూపేవాడు నవ్వుతూ నాకు చెబుతూ వచ్చాడు.

"పిల్ల పుట్టకముందే పోయాడంటాడు ఇతను."

ఆమె చేతిలోని గరిటె ఊపుతూ ఏదో అంది.

"అప్పటికి పిల్ల పాకుతోందట. సూదివాడి సంచిలో చెయ్యి పెట్టి వేలు గుచ్చుకుందట. నీకు గొర్రె పుట్టిన రోజు గుర్తుంటుంది, బిడ్డ పుట్టిన రోజు గుర్తుండదు అంటోంది మొగుణ్ణి."

మొగుడు టోపీ తీసి తల గోక్కున్నాడు. ఎటు వెళ్ళాడు అని అడిగించాను. ఇద్దరూ ఒకేసారి గడ్డంతో ఉత్తరం చూపించారు. అటు ఏముంది అంటే, గొర్రెలు, అన్నారు.

నా కంబళి ఇచ్చి ఆ కుట్టు ఉన్న ఒక చిన్న ఉప్పు సంచి అడిగాను. ఆమెకు అర్థం కాలేదు. దారి చూపేవాడికి అయింది, కానీ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మీ మద్రాసు వైపు సముద్రమే ఉందంటారు. ఇక్కడి నుంచి ఉప్పు మోసుకుపోతున్నారా?" అన్నాడు.

మర్నాడు పొద్దున బయలుదేరే ముందు ఆ ఇల్లాలు ఒక కొత్త సంచి కుడుతోంది. చూస్తూ నిలబడ్డాను. కుడిచేత్తోనే కుడుతోంది. సంచిని నేల మీద పడుకోబెట్టి, మనం మొదలుపెట్టే చివర కాకుండా అవతలి చివర నుంచి మొదలుపెట్టింది. కుట్టు ఎదురుగా వాలింది. అలా మొదలుపెడితే ఎవరు కుట్టినా అలాగే వాలుతుంది. చెవుల మాటకొస్తే, బరువు ఎత్తే ఏ చేతికైనా పట్టు కావాలి. ఆ దారిన కనుమ దాటి వచ్చే ప్రతి మనిషీ వాళ్ళకు దక్షిణం మనిషే.

సంచి వీపున వేసుకొని నడిచాను. చూసిన సంగతి దారి చూపేవాడికి కూడా చెప్పలేదు.

ఇంట్లో సంచి దించాను. వదిన దగ్గరికి వచ్చి కుట్టు మీద వేలు పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకు జరిపింది. ఏడవలేదు. లోపలికి వెళ్ళి నాకు అన్నం వడ్డించింది. నేను విన్నది విన్నట్టు చెప్పాను, గొడవతో సహా. పాకే పిల్ల మాట దగ్గర ఆమె నవ్వింది. అన్ని ఏళ్ళలో ఆ నవ్వు నేను వినలేదు. చివరి రోజు పొద్దున చూసింది చెప్పలేదు. నాయన సంచిని వెలుగులోకి తీసుకెళ్ళి, తిప్పి చూసి, గూట్లో పెట్టాడు.

కర్మ ఆపడానికి చిన్నాయన ఒప్పుకోలేదు. "ఎవురో గొర్రెలోళ్లు సెప్పినారని కర్మ ఆపేస్తామా అన్నా? ఆ కుట్టు వానిదేనని ఈణ్ణి కాణిపాకంలో మునిగి సెప్పమను. అప్పుడు ఆ పొద్దు నించి మళ్ళా పన్నెండేండ్లు సూస్తాం" అన్నాడు. ఆయన అన్నది న్యాయమే. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడే ధైర్యం మా వైపు ఎవరికీ లేదు.

నాయనా నేనూ వెళ్ళాం. గుడి పక్క ఏట్లో మోకాటి లోతు నీళ్ళే. కూర్చుంటే తప్ప తల మునగదు. మునిగి లేచాను. నాయన గట్టు మీద పొడి పంచె పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"ఆ చివర నించి మొదలుపెడితే ఎవురు కుట్టినా అట్లే వాల్తాది" అన్నాడు.

నేను నీళ్ళలో నుంచి గట్టు వైపు నడిచాను.

"ఎన్నేండ్లు గోనెలు కుట్టినానురా నేను. నాకు తెలీదా?"

"నాయనా, నేను సెప్దామనే..."

"సెప్పొద్దు. దేవుని ముందర నేను నిన్నేమీ అడగను, నువ్వేమీ పలకొద్దు. దండం పెట్టుకో, పోదాం. ఇదో, ఈ పొడి పంచె కట్టుకో, జలుబు చేస్తాది."

గుడిలో ఇద్దరం నోరు విప్పలేదు. ఇంటికి వచ్చాక చిన్నాయన, వదిన, నలుగురి ముందూ నాయన చెప్పాడు: "మునిగి సెప్పినాడు. ఆ కుట్టు వానిదే." తూకంలో చిటికెడు తేడా రానివ్వని మనిషి. ఆ మాట చెప్పి చెంబు తీసుకొని పెరట్లోకి వెళ్ళి చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు.

ఆ ఏడు మహాలయ అమావాస్య నాడు నేను నాయన పక్కనే కూర్చున్నాను. తాతలకు పెట్టాక, పెట్టే దిక్కు లేనివాళ్ళందరి కోసం చివర ఒక ముద్ద పెడతారు. నాయన ఆ ముద్ద పెద్దది చేశాడు. ఒకసారి పెట్టి, చూసి, ఇంకొంచెం అన్నం కలిపాడు. పోయేదాకా ఏటా అలాగే చేశాడు.

వదిన సంచిని ఎప్పుడూ విప్పలేదు. వానలు పడితే లోపలి ఉప్పు చెమ్మగిల్లి సంచి బరువెక్కేది. "ఇది ఊరికే తడుస్తాది అబ్బయా" అంటూ దాన్ని పొయ్యి పక్కకు జరిపేది. ఒకసారి, ఉత్తరాన చలి ఎట్లుంటుందని అడిగింది. చెప్పాను. "ఆయనకు చలి పడదు" అంది. అంతకు మించి మేం మాట్లాడుకోలేదు. ఆమెకు కుట్టు సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. అన్నకు దబ్బనం అందించిన చేతులు ఆమెవి. రెండో పన్నెండేళ్ళు నిండకముందే జ్వరం వచ్చి, బొట్టుతోనే వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ గడువు కూడా దాటి చాలా కాలమైంది. కర్మ చేయవలసినవాణ్ణి నేను. చేయలేదు. అమావాస్య నాడు ఆ చివరి ముద్ద కలుపుతూ కొంచెం పెద్దది చేస్తాను. బతికే ఉన్నాడేమో అనిపించి మళ్ళీ కొంత తీసేస్తాను. సంచి నా దగ్గరే ఉంది. వానాకాలం పొయ్యి పక్కన పెడతాను. ఉప్పు ఎలా ఉందో విప్పి చూద్దామని ఒకటి రెండుసార్లు కత్తి కూడా తీసుకున్నాను. విప్పితే మళ్ళీ కుట్టాలి. ఏ చివర నుంచి మొదలుపెట్టాలో తెలియక మానేశాను.