ఆపరేషన్లు ఆగిన ఏడాది

కంటి వైద్యంలో పీజీ రెండో ఏడాదిలో ఉండగా కరోనా వచ్చింది. మేడ్చల్ వైపున్న మా ఆస్పత్రిలో శుక్లాల ఆపరేషన్లు ఆపేశారు. కంటి వార్డు మంచాలు జ్వరం రోగులకిచ్చారు, వాటితోపాటే మమ్మల్నీ అక్కడికి పంపారు. నెలల తరబడి ఆక్సిజన్ అంకెలు రాయడమే నా చదువైంది. అప్పటికి నా చేత్తో మొదటినుంచి చివరిదాకా చేసిన ఆపరేషన్లు రెండే.

తూంకుంటలో అద్దె గది. నాతో ఉండే అమ్మాయి సొంతూరికి వెళ్లిపోయింది. ఇంటావిడ మెట్ల మీద కూరగిన్నె పెట్టి, నేను తలుపు తీసేలోపే దిగిపోయేది. ఆమెను తప్పుపట్టలేను. కానీ ఆ గిన్నె పట్టుకుని మెట్ల వైపు చూస్తూ చాలాసేపు నిలబడేదాన్ని.

నేర్చిన చేతిపని మర్చిపోతానని భయమేసి, ఒక ఆదివారం శామీర్‌పేటలో మటన్ దుకాణానికి వెళ్లి మేక కళ్లు అడిగాను.

"తలకాయ కొంటరు గని, ఉత్త కండ్లేం జేస్కుంటరు మేడం?" అన్నాడు దుకాణదారు.

"కుట్లు వేయడం నేర్చుకోవాలి."

ఆయన కవర్లో వేసిచ్చాడు. "పైసలొద్దు, తీస్కపోండ్రి. మల్ల ఆదివారం రాండ్రి."

గదిలో టేబుల్ దీపం కింద కుట్లు వేసేదాన్ని. సరిగా పడ్డాయో లేదో చెప్పేవాళ్లు లేరు. ఫొటో తీసి మా ప్రొఫెసరుకు పంపితే, మర్నాడు 'బాగుంది' అని ఒక్క మాట వచ్చేది. ఆయన డ్యూటీ కూడా కరోనా వార్డులోనే మరి.

శామీర్‌పేటలో చేపలమ్మే ఒక అవ్వకు శుక్లం ఆపరేషను తేదీ సరిగ్గా అన్నీ ఆగిపోయిన ఆ వారంలోనే పడింది. కేసు రాసుకున్నది నేనే కాబట్టి నా నంబరిచ్చాను. పక్కింటివాళ్లతో ఫోను చేయించేది.

"ఇంకెన్నొద్దులు బిడ్డా? చేప పొలుసు పోయిందో లేదో చేత్తోని తడిమి చూస్తున్న."

"కొన్నాళ్లు ఆగు అవ్వా."

ప్రతిసారీ అదే మాట చెప్పాను. తర్వాత ఆమె ఫోను చేయడం మానేసింది. అది మరీ కష్టంగా ఉండేది.

ఆపరేషన్లు మళ్లీ మొదలైన రోజే నేను ఫోను చేసి పిలిపించాను. శుక్లం రాయిలా గట్టిపడింది. "ఇది నీవల్ల కాదమ్మా," అని ప్రొఫెసరే చేశారు. నేను పక్కన నిలబడి చూశాను.

మర్నాడు కట్టు విప్పాక అవ్వ నా వైపు చూసింది. "మూతి మీది గుడ్డ తియ్యి, ఎట్లుంటవో చూస్త."

కిటికీ దగ్గరకు జరిగి మాస్కు తీశాను.

"గింత చిన్న పోరివా! మంచిగ జేసినవ్ బిడ్డా."

"నేను కాదవ్వా, మా సారు చేశారు."

"ఎవలు జేస్తేంది? పిలిచింది నువ్వే గదా."

మాస్కు పెట్టుకోవడం మర్చిపోయాను.

పరీక్ష పాసయ్యాను, చేతికి అనుభవం మాత్రం తక్కువే. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే అక్కడి సీనియర్‌తో, "కొన్నాళ్లు నా పక్కన నిలబడండి," అన్నాను. ఆవిడ నవ్వలేదు. రెండు నెలలు నిలబడింది.