ఇంటి సాలు వంకాయలు

మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆర్గానిక్ వంకాయలే కావాలి. వాటికి మందు కొట్టకూడదు. పుచ్చూ ఉండకూడదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో నలిగేది నేనూ, మా తమ్ముడూ.

వాడికి మేముండే అల్వాల్‌కి గంట దూరంలో ఎకరన్నర తోట ఉంది. మూడేళ్ల కిందట వంకాయకు పురుగుమందు కొట్టి ఇంటికొచ్చి, వాకిట్లోనే కళ్లు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రి నుంచి రాగానే పంపు అటకెక్కించి, ఇక మందు ముట్టనని మరదలి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. అప్పట్నుంచి ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో కలిపి మొక్కలకు పోస్తున్నాడు. పురుగుకు వేపగింజల కషాయం. "శెనగపిండంత చెట్లకే పోస్తుండు, ఇంట్ల మిర్చీ బజ్జీలు ఏద్దామంటే లేదు" అని మరదలు సణుగుతుంది. సణిగినా ఆ వేపగింజలు దంచేది ఆవిడే.

మోండా మార్కెట్‌కి తీసుకెళ్తే పుచ్చు వంకాయను పక్కకు తోసేస్తారు. మందు కొట్టావా లేదా అని అక్కడ అడిగే నాథుడు లేడు. అందుకే నేను నడుం కట్టాను. "మా దగ్గరికి తే, చదువుకున్నోళ్లు, ఇలువ తెలిసినోళ్లు" అన్నాను. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కదా, నా మాట మీద నాకు అంత నమ్మకం.

ఆదివారం పొద్దున వాడు గేటు దగ్గర బుట్టలు దించుతాడు. నా తలనొప్పి అక్కడ మొదలవుతుంది. ప్రతి కాయనూ తిప్పి చూస్తారు, గోరుతో గిల్లుతారు. రెండో అంతస్తు ఆవిడైతే ఇంటికెళ్లి కోసి, పురుగున్న ముక్కను ప్లేటులో పెట్టుకుని మరీ వచ్చి నా తలుపు కొట్టేది. "చూడండి టీచర్ గారూ, ఇది బతికే ఉంది!" బతికుండదా మరి? చంపే మందు కొట్టలేదనే కదా కొన్నావు తల్లీ! ఆ మాట పైకి అనలేక ఇంకో కాయ ఇచ్చి పంపేదాన్ని. వారం వారం సగం బుట్ట మిగిలేది. తమ్ముడు తీసుకెళ్లి ఆవుకు వేసేవాడు.

పోయిన నెల ఒక ఆదివారం వంకాయలు నిగనిగలాడుతూ వచ్చాయి. వెతికినా ఒక్క పుచ్చు లేదు. గేటు దగ్గర పండగే పండగ. రెండో అంతస్తు ఆవిడ రెండు చేతులా ఏరుకుంటూ, "ఆర్గానిక్ అంటే ఇదీ! చూస్తేనే తెలిసిపోతోంది" అంది. కాసేపట్లో బుట్టలు ఖాళీ. నేను చెప్పలేదా, విలువ తెలిసినవాళ్లని, అని మురిసిపోయాను.

తీరా నా వాటా సంచి విప్పేసరికి ఒళ్లు మండిపోయింది. అన్నీ వంకర కాయలు, బొక్కలు, పుచ్చులు.

"ఏందిరా ఇది? అందరికీ నిగనిగలాడేటియి, అక్కకేమో పుచ్చులా? నీ కోసం ఎంతమందితోని మాటలు పడ్డనో నీకు తెల్వదా?" అని గేటు దగ్గరే అరిచాను.

వాడు ఖాళీ బుట్టలకు తాడు కడుతూ తల ఎత్తలేదు. "జెర మెల్లగ అక్కా. నీ సంచిలయి ఇంటి సాలువి."

ఇంటి సాలంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అమ్మే పంటకంతా మందు కొట్టి, ఇంట్లో తినడానికని గట్టు పక్కన ఒక్క సాలు కొట్టకుండా వదిలేసేవాడు మా నాయన. ఊళ్లో అందరూ అంతే. తమ్ముడు మందు మానేశాక తోటంతా ఒకటే అయిపోయి, ఆ మాటే మా ఇంట్లో వినపడటం మానేసింది.

"మళ్ల కొట్టినవా?"

"కొట్టిన. ఎన్నొద్దులని ఆవుకెయ్యాలె?"

"మరి ఒట్టేమైందిరా?"

వాడు దగ్గు వచ్చి పక్కకు తిరిగాడు.

నా కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. ఆ ఊపులోనే రెండో అంతస్తుకెక్కి ఆవిడ తలుపు కొట్టాను. "ఆ వంకాయలు వండకండి. వాటికి మందు కొట్టారు" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "ఊరుకోండి టీచర్ గారూ! మందు కొడితే ఇంత బాగుంటాయా? మీరు ఊరికే టెన్షన్ పడుతున్నారు. వచ్చే వారం కూడా ఇవే తెమ్మనండి." ఆమె వెనక వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. నెత్తీ నోరూ కొట్టుకున్నా వినేలా లేదు.

కిందికి దిగేసరికి తమ్ముడు బండెక్కి కూర్చున్నాడు. "ఏమన్నది?"

"ఇవే తెమ్మన్నది."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "నీ సాలుకు మటుకు కొట్టనక్కా. పుచ్చులైనా సరే, నీకు గవే తెస్త" అని బండి తీశాడు.

గేటు దాటి మలుపు తిరిగేదాకా వాడి దగ్గు వినిపిస్తూనే ఉంది.