నిండుకుంది అన్న మాట

మొన్న మా కర్నూలు ఫ్లాటు అమ్మకానికి పెట్టినప్పుడు బ్రోకరు ఒకాయన వచ్చి, ఫోను ఎత్తి పట్టుకుని హాలు, వంటిల్లు, బాల్కనీ వరసగా వీడియో తీసుకుంటూ నా పడకగదిలోకి రాబోతుంటే నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి కదలనన్నాను. కోడలు నొచ్చుకుంది. ఊరికే కొనేవాళ్ళకు చూపడానికేనమ్మా అని మా అబ్బాయి సర్దిచెప్పబోయాడు. బీరువా ఉన్న గది ఊరందరి ఫోన్లలోకి ఎక్కడం నాకిష్టం లేదని ఖరాఖండిగా చెప్పి ఆయన్ని పంపించేశాను. చాదస్తం అనుకున్నారు, అనుకోనీ. ఇల్లు అమ్మడమంటే ముక్కూ మొహం తెలియనివాళ్ళకు మన ఇంటి లోపలిదాకా దారి చూపడమేనని నా ఈడువాళ్ళకైనా అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

నేను రాయచోటి నుంచి కోయిలకుంట్లకు కోడలిగా వచ్చినదాన్ని. అత్తవారిది బజారులో బట్టల అంగడి, దాని వెనక వీధిలో నాపరాళ్ళు పరిచిన పాత ఇల్లు. వీధి తలుపుకు లోపల గోడలోంచి గోడలోకి జరిగే అడ్డగడియ ఉండేది, దాన్ని కదపాలంటే నాకు రెండు చేతులూ కావాలి. పొద్దు గూకితే ఆ గడియ పడేది గానీ, పగలు మనిషి ఉన్న ఇంటికి తలుపు మూయడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. మామగారు పోయిన తర్వాత మా ఆయన అంగడిని కడపకు మార్చాలని నిశ్చయించుకుని ఇల్లు బేరానికి పెట్టారు. అత్తగారికి ఇల్లు పోతుందన్న దిగులు కన్నా, చితికిపోయి అమ్ముకుంటున్నారని బజారు చెవులు కొరుక్కుంటుందన్న దిగులే ఎక్కువగా ఉండేది.

ఇల్లు చూడటానికి ఒక్కరుగా ఎవరూ రారు. కొనేవాడు, అతని బావమరిది, వాస్తు తెలిసినాయన, దారిలో కలిసిన స్నేహితుడు, అందరూ కట్టగట్టుకుని వచ్చి ప్రతి గదిలోనూ తలపెట్టేవారు. వాస్తు పేరు చెప్పి నైరుతి గదిలోకి మాత్రం తప్పకుండా వెళ్ళేవారు. మా వైపు ఎవరింట్లో చూసినా బీరువా ఆ నైరుతి గదిలోనే, ఉత్తరం వైపు చూస్తూ ఉంటుంది గనుక దొంగకు వెతుక్కునే శ్రమ కూడా లేదు గదా అని నేనొకనాడు అంటే, మా ఆయన ముందు నవ్వి, తర్వాత ఆలోచనలో పడి, ఆ వారంలోనే ఇంట్లో ఉన్న బంగారమంతా నంద్యాల బ్యాంకు లాకరులో పెట్టి వచ్చారు. బీరువాలో అత్తగారి పట్టుచీరలూ కుంకుమ భరిణెలూ మిగిలాయి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. అంగడి నమ్ముకుని బతికే ఇళ్ళలో లేదు అనే మాట నోట రాకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనాలి, దీపంలో నూనె అయిపోతే నిండుకుంది అనాలి. ఇది మీకూ తెలిసిందే. కాపురానికి వచ్చిన కొత్తల్లో ఒక సాయంత్రం నేను ఉప్పు లేదత్తమ్మా అని కేక వేస్తే ఆమె వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. ‘దీపాలు పెట్టే యాళ ఆ మాటేందమ్మీ, నిండుకుండాది అనల్ల’ అని మందలించి, ఆ పూట నాతో మరి మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది గానీ, ఆ మాట మాత్రం నాలుకకు అంటుకుపోయింది.

ఒకసారి వచ్చిన గుంపులో ఒక యువకుడు బీరువా మీద అరచేత్తో తట్టి, గట్టి ఇనుమే, లోపల ఏముండాది అవ్వా అని నవ్వుతూ అడిగాడు. లక్ష్మీదేవి పటం అక్కడే గోడకు ఉంది. అత్తగారు ఏమాత్రం తడబడకుండా ‘అది నిండుకుండాదప్పా’ అన్నారు. ఖాళీ అని ఉన్నమాటే చెప్పారు, తనకు తెలిసిన మర్యాదలో చెప్పారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతూ విన్నాను. నాకు అర్థమైంది కాబట్టే నాకేమీ అనిపించలేదు.

కొన్నాళ్ళ తర్వాత ఒక ఎండ మధ్యాహ్నం, మా ఆయన అంగడిలోనూ నేను పక్కవీధి పెళ్ళింటిలోనూ ఉండగా, ఆ యువకుడు ఇంకొకడిని వెంటబెట్టుకుని వచ్చి ఇల్లు మళ్ళీ చూస్తామన్నాడు. ఇల్లు చూడవచ్చినవాళ్ళను గుమ్మంలో నిలబెట్టడం ఒంటరిగా ఉన్న అత్తగారికి చేతకాదు. లోపలికి రమ్మని, చెంబుతో నీళ్ళిచ్చి, అడగగానే నైరుతి గది చూపించారు. వీధి తలుపుకు గడియ వాళ్ళే వేశారు. బీరువాలో చీరలు తప్ప ఏమీ కనబడకపోయేసరికి యాడ దాచినావో చెప్పమని కొట్టడం మొదలుపెట్టారు. ‘నిండుకుండాదని మొన్ననే చెప్తిని గదప్పా’ అని ఆమె ఏడ్చారు. ఆమె ఆ మాట అన్న ప్రతిసారీ వాళ్ళు ఇంకా కొట్టారు. చివరకు చెవుల కమ్మలు లాక్కుని పెరటి దారిన పారిపోయారు. నేను వచ్చి ఎంత పిలిచినా తలుపు తీయకపోతే, పెరటి వైపు నుంచి వెళ్ళి చూశాను. నాపరాళ్ళ మీద చెయ్యి విరిగి, చెవులు తెగి పడివున్నారు. ఆ చల్లటి బండల మీద నెత్తురు ఎంత దూరం పారిందో నేను రాయలేను.

లోపల జరిగిందంతా తర్వాత పట్టుబడ్డ ఆ యువకుడే పోలీసులకు చెప్పాడు. బీరువా నిండుగుండాదని ముసలామే చెప్పింది సార్ అన్నాడట. నిండుకుండాది, నిండుగుండాది. ఒక్క అక్షరం. మా ఆయన స్టేషను నుంచి వచ్చి ఆ మాట నాకు చెప్పి, అరుగు మీద కూర్చుని తల పట్టుకున్నారు. వాడేమీ పరాయి దేశంవాడు కాదు, మా పక్క ఊరివాడే. వాళ్ళ అవ్వ కూడా జీవితమంతా అలాగే అని ఉంటుంది. వాడు ఏనాడూ చెవిన పెట్టలేదు. నాకు దెబ్బల మీద ఎంత కోపమో దీని మీదా అంత కోపం.

నెత్తురు చిందిన ఇల్లని ఆ తర్వాత ఎవరూ తొంగిచూడలేదు. ఎప్పటికో ఒకాయన స్థలం మాత్రం చాలునని కొని పడగొట్టేశాడు. మేము కడపలో ఒక అద్దెయింట్లో దిగాము. అత్తగారి చెయ్యి అతుక్కుంది గానీ మనిషి అతుక్కోలేదు. గుమ్మంలో ఎవరి నీడ పడినా రెండు చేతులూ జోడించి ‘ఏం లేదప్పా, మా ఇంట్లో ఏం లేదు’ అని మొదలుపెట్టేవారు. ఒక సాయంత్రం దీపం వెలిగించి వస్తుంటే, అంగడి నుంచి అప్పుడే వచ్చిన కొడుకుకు చేతులు జోడించి ఆ మాటే అంటున్నారు. ఆయన చెప్పులైనా విడవకుండా ఆమె కాళ్ళ దగ్గర కూలబడి, నేనమ్మా, నేను, అని ఏడ్చారు. ఆమె మాత్రం లేదు, లేదు అంటూనే ఉన్నారు. ఆ ఏడాది దాటలేదు.

ఇప్పుడు ఈ కర్నూలు ఫ్లాటులో మా తలుపుకు కెమెరా ఉంది, బయట నిలబడ్డది ఎవరో కోడలు ఫోనులో చూసి మాట్లాడుతుంది. దీపాల వేళ బియ్యం లేవని గట్టిగా కేక వేస్తుంది. నేను దిద్దను. ఉన్నదాన్ని ఉందనీ లేనిదాన్ని లేదనీ చెప్పుకునే కాలమే మేలని నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అయినా ఆ పాత ఇంటి సంగతి రాస్తూ, అత్తగారు లేరు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ చెయ్యి ఆడదు.