చల్లనీళ్లలో ఆగిన ఆకు

తనిఖీకి పై ఆఫీసు సారు వస్తాడన్న రోజు పొద్దున్నుంచే నాకు ఎవరో ఒకరి మీద విరుచుకుపడాలనిపించింది. జమ్మలమడుగులో మా కాలేజీలో వృక్షశాస్త్రానికి పిల్లలు తగ్గిపోయారు. ఆ కోర్సు ఉంచాలా, ఎత్తేయాలా అన్నది ఆయన వచ్చి చూసి తేలుస్తాడని ప్రిన్సిపాల్ చెప్పాడు.

ఎత్తేస్తే నాకేం, ఎక్కడికో బదిలీ చేస్తారు. మొదటి సంవత్సరం చదివే ఒక అమ్మాయి సంగతి అట్లా కాదు. వాళ్ల నాయన కువైట్‌లో డ్రైవరు. అమ్మ పొద్దున్నే బస్సెక్కి ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో పనికి పోతుంది. మంచంలో ఉన్న అవ్వకు మధ్యాహ్నం ఈ పిల్లే ఇంటికి పోయి అన్నం తినిపించి రావాలి. మా పిల్లల్ని ప్రొద్దుటూరు కాలేజీలో కలిపేస్తే ఆమె చదువు అంతటితో సరి.

అందుకే ప్రయోగం ఆమెతోనే చేయించాలనుకున్నాను. హైడ్రిల్లా అని, కాలువల్లో పెరిగే నీటి మొక్క. దాని ఆకును గాజుపలక మీద నీటిచుక్కలో పెట్టి మైక్రోస్కోపులో చూస్తే, ఒక్కొక్క కణంలో పచ్చని రేణువులు గోడ వెంబడి ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి. కణం లోపలి జీవపదార్థం వాటిని మోసుకుపోతూ ఉంటుంది. పాఠం ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు నమ్మేది అది చూశాకే. చదువుకునే రోజుల్లో నేనూ అంతే.

సారు వచ్చాడు. వంగి చూశాడు.

"కదలడం లేదు కదా మేడమ్. పుస్తకంలో బొమ్మ కూడా ఇట్లాగే ఉంటుంది."

నేను చూశాను. రేణువులు గోడలకు అంటుకుని అట్లాగే ఉన్నాయి. ఆకు మార్చాను. అదే తీరు. ఆయన గడియారం చూసుకుని, ఇంకా పులివెందుల పోవాలంటూ ప్రిన్సిపాల్‌తో వరండాలోకి నడిచాడు.

"ఏం చేసినావు దీన్ని?" అని అమ్మాయి మీద కస్సుమన్నాను.

"ఏం చేయలే మేడమ్. సార్లు వచ్చేలోపల ఎండకు వాడిపోతాదని కూలింగ్ క్యాన్ నీళ్లు పోసినా."

మొక్క ఉన్న గిన్నెలో వేలు పెడితే జివ్వుమంది. మా వైపు ఎండాకాలంలో గడప తొక్కిన ఎవరికైనా ముందు కూలింగ్ నీళ్లు ఇస్తాం. ఈ పిల్ల మొక్కకూ ఆ మర్యాదే చేసింది. అంత చలికి కణంలో కదలిక నిలిచిపోతుందని నేనైనా ముందుగా చెప్పలేదు, ఇట్లాంటి ఆలోచన ఎవరికైనా వస్తుందనుకుంటేగా.

అంత చలి లేని కుండ నీళ్లు ఒక చుక్క వేసి, కొత్త ఆకు పెట్టి, వెచ్చబడాలని గాజుపలకను ఆమె అరచేతిలో ఉంచాను. బయట మజ్జిగ గ్లాసుల చప్పుడు వినబడుతోంది. మజ్జిగ తాగడం అయిపోతే జీపెక్కేస్తారు. చూశాం, ఏమీ లేదు. మళ్లీ అరచేతిలో పెట్టుకుంది.

"మేడమ్, ఒకటి కదిలింది."

పాత అద్దం మైక్రోస్కోపును రెండు చేతులా పట్టుకుని వరండాలోకి పరుగెత్తాను. పిట్టగోడ మీద పెట్టి, వెలుతురు పడేలా దాని అద్దాన్ని నీలంగా ఉన్న ఆకాశం వైపు తిప్పాను. సారు నిట్టూర్చి వంగాడు. వంగినవాడు తల ఎత్తలేదు.

"తిరుగుతాండాయి," అన్నాడు. అంతవరకూ కాగితం చదివినట్టు మాట్లాడిన మనిషి. "అన్నీ తిరుగుతాండాయి. శానా బాగుంది మేడమ్."

నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మాయి ముఖం వెలిగిపోయింది. ఆయన జేబురుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ, ప్రిన్సిపాల్ అవతలికి పోయేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"ఏమీ అనుకోవద్దు మేడమ్. ఎత్తేయాలని పైన ముందే అనుకున్నారు. చూసొచ్చినట్టు రాయడానికే నన్ను పంపినారు."

నాకు ఒళ్లు మండిపోయింది. అడిగింది మాత్రం ఆ పిల్లే. గొంతు పెంచలేదు.

"అంతా ముందే తేలిపోయింటే, ఆకు కదలడం లేదని ఎందుకన్నారు సార్?"

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. జీపు దగ్గరికి నడిచాడు. జీపు పులివెందుల రోడ్డు పట్టేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

వెనక్కి తిరిగేసరికి ఆమె పిట్టగోడ దగ్గర వంగి, ఆకు ఆరిపోకుండా కుండ నీళ్లు ఇంకో చుక్క వేస్తోంది.

"అవ్వకు అన్నం పెట్టే టైమైంది మేడమ్," అంది కన్ను తియ్యకుండానే. "ఇంకొంచెంసేపు చూసి పోతా."