దేవులాడమన్న సార్

మొన్న పొద్దున దీపం పెట్టి లేస్తుంటే ఫోన్ వచ్చింది. చేసింది కంప్యూటర్ క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి. "సార్ పోయిండక్కా. ఆస్పత్రిల గూడ నర్సుతోని లొల్లి పెట్టుకున్నడంట," అంది. ఆ రెండో మాట విన్నాకే నమ్మాను.

మళ్లీ దీపం ముందు కూర్చుని ఆయన కోసం దండం పెట్టుకున్నాను. ఇష్టంతో కాదు. ఆయనంటే నాకు పడేది కాదు. పోయారు కదా అని ఇప్పుడు పడిందంటే ఆయనకే నచ్చదు.

శాలిబండలో మేడ మీద ఒక గది, పాత కంప్యూటర్లు, సార్. అదే ఇన్‌స్టిట్యూట్. చేరేనాటికి నేను యాభైకి దగ్గరపడ్డాను. బేగంబజార్‌లో గిన్నెల హోల్‌సేల్ దుకాణంలో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టేదాన్ని. సేఠ్ కొడుకు దసరాలోపు దుకాణానికి వెబ్‌సైట్ కావాలన్నాడు, అదీ ఏదో కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో. నాకు రాకపోతే వచ్చినవాళ్లను పెట్టుకుంటానన్నాడు. చిన్న చెల్లెలు నా దగ్గరే ఉంటుంది. మా ఇద్దరికీ ఆ ఉద్యోగమే ఆధారం.

మొదటిరోజు సార్ నా బొట్టునీ, చేతిలో జపమాల సంచినీ చూశారు. "గుడికి పోయే తొవ్వ తప్పినవా అక్కా?" అన్నారు. పిలుపు అక్క అనే. గొంతు మాత్రం నయాపూల్ కోర్టులో అవతలి వకీలుది. పిల్లలంతా నవ్వారు. నేను వెళ్లి కూర్చున్నాను.

ఫ్రేమ్‌వర్క్ అంటే సైటుకు ముందే కట్టిపెట్టిన చట్రం. దాని పద్ధతిలో పేర్లు పెడితే సగం పని అదే చేసుకుపోతుంది. పెట్టకపోతే తెర నిండా తప్పు చూపే ఎర్రక్షరాలు. అవి మొదటిసారి వచ్చినప్పుడు ఏం చేయాలని అడిగాను. "దేవులాడు," అన్నారు సార్. దుకాణంలో అంతా హిందీ, ఇంట్లో మా గోదావరి మాట. నేను దేవుణ్ణి తలుచుకోమన్నారనుకుని కళ్లు మూసుకున్నాను. క్లాసు గొల్లుమంది. దేవులాడడమంటే వెతకడమని పక్క అమ్మాయి చెప్పింది.

ఎర్రక్షరాలు వచ్చినప్పుడల్లా స్తోత్రం చదవడం నేను మానలేదు. ఆయన వెక్కిరింపూ మానలేదు. వెనక నిలబడి స్కూటర్ తాళంచెవితో తెర ఎడమ పై మూల టకటక కొట్టేవారు. తప్పు ఏమిటో మొదటి వరుసలోనే ఉంటుందట. "దేవునికి కోడింగ్ రాదక్కా. ఈడ చదువు." జవాబు మాత్రం చెప్పేవారు కాదు. ఆయన రాని రోజు ఒక్కటి ఇమ్మని హనుమంతుణ్ణి అడిగాను. సార్ జ్వరంతో కూడా వచ్చారు.

దసరా దగ్గరపడింది. సైటులో ఒక సరుకుకు ఇంగ్లీషు అక్షరాల్లో బిందె అనీ, అవన్నీ ఉండే పట్టికకు బిందెలు అనీ పేరు పెట్టాను. పేజీ తెరుచుకోలేదు. స్తోత్రం మార్చాను. తెరుచుకోలేదు. వెనక టకటక. ఈసారి మొదటి వరుస చదివాను. 'బిందెస్' అనే పట్టిక కనబడలేదట.

బిందెస్ అని నేనెక్కడా రాయలేదు. ఒకటి ఎక్కువైతే చివర 'ఎస్' తగిలించుకోవడం ఆ చట్రం అలవాటు. దానికి వచ్చింది ఇంగ్లీషు ఒక్కటే. సరేనని నా పట్టిక పేరే బిందెస్ అని మార్చబోయాను. తాళంచెవి కీబోర్డు మీద అడ్డం పడింది.

"అది మొక్కుమంటే మొక్కుతవా? నీ భాష దానికి చెప్పు. చెప్పేతందుకు జాగ ఉంటది. దేవులాడు."

"మీకు తెలుసుగా, చెబితే ఏం పోయింది?" అన్నాను. గొంతు పెరిగింది.

"ఈడ నేను చెప్తే, రేపు సేఠ్ దుకాన్ల ఎవరు చెప్తరు?"

వెతికాను. దాని లెక్కకు లొంగని మాటలు నేర్పడానికి లోపల ఒక ఫైలు ఉంది. ఒకటైతే బిందె, ఎక్కువైతే బిందెలు అని అందులో రాశాను. పేజీ తెరుచుకుంది. స్తోత్రం చదవలేదని తర్వాత గుర్తొచ్చింది.

సార్ మెచ్చుకోలేదు. "మరి పళ్లెంకు? పళ్లెంస్ అంటదా అది?" అనేసి పక్క కుర్చీ దగ్గరికి పోయారు.

ఉద్యోగం నిలిచింది. మిఠాయి పట్టుకెళితే, "షుగరున్నోనికి స్వీటు తెచ్చినవ్. పగ తీర్చుకుంటున్నవా అక్కా?" అన్నారు. డబ్బా పిల్లలకు పంచేశారు.

నిన్న ఆ గదికి వెళ్లాను. తలుపు తీసే ఉంది, కంప్యూటర్లన్నీ ఆపి ఉన్నాయి. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. నల్లటి ప్రతి తెర మీదా ఎడమ పై మూల, మొదటి వరుస ఉండే చోట, సన్నటి గీతలు మెరుస్తున్నాయి.