మూడో సిలిండరు, తడిబట్టల ఒట్టు

మా చిన్నప్పుడు... బాయికాడ ఆయిలింజను స్టార్టు చేసే ముందు నాయిన చక్రాన్ని చేత్తోని మెల్లగ తిప్పెటోడు. ఒకకాడ అది బిగుసుకొని చేతిని ఎనక్కి తోసేది. తోస్తే ఇంజను మంచిగున్నట్టు. తోయకుంటే లోపటి గాలి ఎటో పోతున్నట్టు. "దమ్ము పోయింది" అనెటోడు. కంప్రెషన్ అనే మాట మాకు గప్పుడు తెల్వది.

గా ఇంజను నాయినకు, పెద్దనాయినకు పొత్తుల ఉండె. ఒకపారి దమ్ము పోయింది. నూనె పొయ్యకుంట నువ్వు నడిపినవంటే నువ్వు నడిపినవని... బాయికి ఈ ఒడ్డున ఒకలు, ఆ ఒడ్డున ఒకలు నిలవడి పొద్దు నడినెత్తికి వచ్చేదాక తిట్టుకున్నరు. సచ్చిపోయిన ముత్తాతను గూడ ఇడువలే. గొంతులు పోయినంక ఇద్దరు గలిసే ఇంజను విప్పిండ్రు.

గది చూసి గూడ మాకు బుద్ధి రాలే. తెలంగాణ వచ్చినంక గుట్టకు జనం పెరిగిండ్రని పెద్దనాయిన కొడుకు, అంటే మా అన్న, నేను పొత్తుల ఒక పాత పెట్రోలు కారు కొన్నం. రామన్నపేట నుంచి యాదగిరిగుట్టకు కిరాయిలు. ఒకరోజు ఆయన నడుపుతడు, ఒకరోజు నేను.

కొన్నేండ్లకు కారు వణుకుడు వట్టింది. గుట్ట ఎక్కెటప్పుడు గుంజుతలేదు. ఆఖరికి నా వంతు రోజే ఆగింది. రేడియేటర్ల నీళ్ళు లేకుంట నడిపి ఇంజను కాలవెట్టినవని అన్న నలుగురి ముందల అన్నడు. నేను లేదన్న. ఒక్కటే మాట. నాకు మాటలు తక్కువ... కోపం తక్కువ కాదు.

"గుట్టకాడి గుండంల మునిగి, తడిబట్టలతోని స్వామి ముందల చెప్పు" అన్నడు.

మా దిక్కు గదే ఆఖరి మాట. తడిబట్టలతోని ఒట్టు వెట్టినోన్ని మళ్ళ ఎవ్వలు అడుగరు.

ఒట్టెందుకు, ఇంజనే చెప్తదని నేనన్న. తాడు కట్టి నకిరేకల్ల మెకానిక్ దగ్గరికి గుంజుకపోయినం.

ఆయన నాలుగు ప్లగ్గులు తీసిండు. ఒక్కొక్క బొక్కకు మీటరు బిగించి, నన్ను యాక్సిలేటర్ తొక్కి సెల్ఫ్ కొట్టమన్నడు. మూడు సిలిండర్లల్ల ముల్లు నూట అరవై దాకా ఎగిరింది. మూడో సిలిండర్ల డెబ్బై దాటలే. అండ్ల జరంత నూనె పోసి మళ్ళ చూసిండు. రింగులు అరిగితే నూనెకు ముల్లు లేస్తదట. లేవలే. నీళ్ళు లేకుంట కాలితే రేడియేటర్ల బుడగలు వస్తయట, అవి గూడ లేవు.

"వాల్వు కాలింది. పాత బండ్లకు కాలుతది. నీళ్ళు లేకుంట నడిపిన ఇంజను కాదిది" అని అన్న మొఖం చూసే చెప్పిండు.

నేను అన్న దిక్కు చూసిన. ఒక్క మాట అంటడేమో అని...

"మీటరుకు దేవుని భయముంటదా? నువ్వు మునుగుతవా, మునుగవా?" అన్నడు.

మునిగితే అయిపోతుండె. రోజు తప్పి రోజు గుండం పక్క నుంచే పోతున్న. మునుగలే. చెయ్యని తప్పుకు నేనెందుకు తడవాలె? మునుగలేదంటే చేసిండనే ఊరంత అనుకున్నది. అనుకోనీ.

వాల్వు మార్పిచ్చినం. కారు ఇప్పటికి నడుస్తాంది. నా వంతు వచ్చినప్పుడు అన్న తాళంచెవి మా రెండిండ్ల నడిమి గోడ మీద పెట్టి లోపటికి పోతడు. మర్నాడు నేను గూడ గోడ మీదనే పెడుత. మూడేండ్లాయె... ఒకలి చేతిల ఒకలం పెట్టలే.

ఆ కాలంల తిట్లన్న ఉండె. ఇప్పుడు గవి గూడ లేవు. ఒక్కపారి గోడ మీదికెల్లి అన్న నన్ను బండబూతులు తిడితే మంచిగుండు అనిపిస్తది. నాకు గూడ శాన ఉన్నయి అనెటివి...

మీ ఊర్లల్ల నోరారా తిట్టుకునే అన్నదమ్ములు ఇంకా ఉన్నరా? ఉంటే జర రాయుండ్రి.