ఫోను కట్టిన వెల

చేతిదాకా వచ్చిన బేరం ఆ సాయంత్రం చెడిపోయేలా ఉంది. ఊరి చివర ఉన్న మా సొంతిల్లు కొనడానికి దగ్గర్లోని మస్తూరీ ఊరి నుంచి వచ్చిన స్కూలు మాస్టారు మా రైల్వే క్వార్టరు ముందుగదిలో కూర్చున్నాడు. మా ఆయన అతని మొహం ముందు ఫోను పెట్టి, ఇళ్ల ధరలు చెప్పే యాప్‌లో మా ఇల్లు ఎంత పలుకుతుందో చూడమని హిందీలో ఒకటే వాయింపు.

మా ఆయన ఈ హిందీవాళ్ల ఊళ్లోనే లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. సొంతిల్లు ఉందన్న మాటే గానీ ఆ సందులోకి ఆటో కూడా దూరదు, వానొస్తే మోకాల్లోతు నీళ్లు. మంచం పట్టిన మా అత్తగారికి ఊపిరాడనప్పుడల్లా ఆసుపత్రికి పరిగెత్తాలి. అంబులెన్సు రాని ఇంట్లో ఆవిణ్ణి ఎలా పెట్టుకుంటాం? అందుకే అది అమ్మేసి, రైల్వే ఆసుపత్రి పక్కన కింది వాటా కొందామనుకున్నాం. దాని ఓనరు ఆ రోజు వరకే ఆగుతానన్నాడు.

మాస్టారు చెప్పింది న్యాయమైన ధరే. అతని తమ్ముడు ఆ సందులోనే ఉంటాడు, నీళ్ల సంగతి అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. మా ఆయనకి మాత్రం ఫోను చెప్పిందే వేదం. అందులో దాదాపు రెట్టింపు కనపడింది మరి. పొద్దున్న గోల్ బజార్‌లో కూరలమ్మే వాడికి కూడా చూపించి వచ్చారు.

"అయితే ఆ ఫోనుకే అమ్ముకోండి భయ్యా," అని హిందీలో అనేసి మాస్టారు లేచాడు. టీ ముట్టుకోలేదు. బయట స్కూటరు స్టార్టు చేసిన చప్పుడైంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోను లాక్కుని, మేముంటున్న క్వార్టరు అడ్రసు, గదుల లెక్క కొట్టాను. దానికీ ఒక ధర వచ్చింది. ముందు ముందు ఇంకా పెరుగుతుందట!

"చూడండి, సర్కారు క్వార్టరుకి కూడా వెల కట్టేసింది. ఇదీ అమ్మేద్దామా?"

లోపల మంచం మీంచి మా అత్తగారు దగ్గుతూనే కేకేసింది. "ఏట్రా, కోటరు అమ్మేత్తన్నావేటి? జైల్లో ఎట్టేత్తార్రా!"

"షెడ్డులో సుత్తితో కొట్టి చప్పుడు వినందే ఒక్క బోల్టయినా నమ్మారా మీరు? ఇప్పుడు దీన్నెలా నమ్మారు?" అన్నాను.

ఆ మాట ఆయనకి తగిలింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు, వెనకాలే నేను. స్కూటరు అప్పటికే మలుపు తిరిగిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. తీరా చూస్తే లెవెల్ క్రాసింగ్ గేటు వేసి ఉంది. బొగ్గు గూడ్సు తాపీగా పోతోంది, మాస్టారు విసుక్కుంటూ నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లూ నేను తిట్టుకున్న గేటు అది. ఆ పూట దానికి దండం పెట్టుకున్నాను.

మాస్టారు వెనక్కొచ్చాడు గానీ ధర కొంత తగ్గించాడు. కాదనడానికి మాకు మొహమేదీ?

ఆసుపత్రి పక్క వాటాలోకి మారాక, ఆ వానాకాలంలోనే మా అత్తగారికి మళ్లీ ఊపిరందలేదు. జోరువానలో అంబులెన్సు సరిగ్గా మా మెట్టు దగ్గరకొచ్చి ఆగింది. స్ట్రెచరు మీద పడుకుని, ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"ఒరే, ఈ ఇంటికి ఫోను ఎంతన్నాదిరా?"

"సూడనేదమ్మా," అన్నారు ఆయన, కళ్లు తుడుచుకుంటూ.